మెడ పెరిగిన వయొలెట్

ఆఫ్రికన్ వయొలెట్‌కు కుండీ మార్చే వేళ వచ్చిందని దాని మెడే చెబుతుంది. అడుగు ఆకులు ఒక్కొక్కటిగా పండి రాలిపోతుంటే, ఆకుల గుత్తికీ మట్టికీ నడుమ బోసికాడ ఒకటి బయటపడుతుంది. గోధుమరంగులో, గరుకుగా, ఆకులు రాలిన చోటల్లా మచ్చలతో ఉంటుంది. అది రెండంగుళాలు పెరిగేసరికి మొక్క ఓ పక్కకు వాలిపోతుంది, పూత పలచబడుతుంది. హైదరాబాద్‌లోని కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ అపార్ట్‌మెంట్ల కిటికీ గట్ల మీద ఇలాంటి మొక్కలు చాలానే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు ఎరువు చాలలేదనుకుంటారు. దానికి కావలసింది ఎరువు కాదు, ఆ మెడ మళ్లీ మట్టిలోకి దిగడం.

పేరులో వయొలెట్ ఉన్నా ఇది వయొలెట్ల కుటుంబానిది కాదు. సొంత ఊరు నేటి టాంజానియాలోని ఉసంబారా కొండలు. జర్మన్ల ఏలుబడిలో అక్కడ అధికారిగా ఉన్న వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్-ఇలెయిర్ 1892లో దీన్ని జర్మనీలోని తండ్రికి పంపాడు. మరుసటి ఏడు హెర్మన్ వెండ్‌లాండ్ ఆ ఇంటిపేరు మీదే సెయింట్‌పాలియా అని పేరు పెట్టాడు. 2015లో శాస్త్రవేత్తలు దాన్ని స్ట్రెప్టోకార్పస్ ప్రజాతిలో కలిపేశారు. నర్సరీవాళ్లకు మాత్రం ఇప్పటికీ ఆఫ్రికన్ వయొలెటే. పుట్టిన చోటు తెలిస్తే పెంపకం సగం తెలిసినట్టే: చెట్ల నీడ, తేమగాలి, బండల సందుల్లో పిడికెడు ఆకుమట్టి. మాదాపూర్‌లోనూ బండలకు కొదవ లేదు గానీ, పోలిక ఆ రాయి దగ్గరే ఆగిపోతుంది.

అసలు వయొలెట్ల సంగతి వేరు. వాటిలో పేరున్న సువాసన వయొలెట్ చలిదేశపు మొక్క. హైదరాబాద్‌కు అది ఎండుపూలుగానే చేరుతుంది. పాతబస్తీ యునానీ దుకాణాల్లో గుల్-ఎ-బనఫ్షా అని అడిగితే పొట్లం కట్టి ఇచ్చేది అదే. జలుబుకు కాచే జోషాందాలో వేస్తారు. ఆ కుటుంబంలో ఈ నేలకు చెందినది రత్నపురుష. 1753లో లిన్నేయస్ దీన్ని వయొలాల్లోనే చేర్చాడు, పేరు తర్వాత మారింది. వానలు పడ్డాక చల్కా నేలల్లో, రాళ్ల మధ్య మోకాలి ఎత్తు లోపే పెరిగే ఈ మొక్క పువ్వులో కింది రేక ఒక్కటే పెద్దది. లేత ఊదా రంగులో, చాచిన నాలుకలా ఉంటుంది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికి చుట్టూ ఉన్నది ఈ తరహా నేలే. ఇప్పుడు ఖాళీ ప్లాట్ల అంచుల్లో వెతుక్కోవాలి. కనిపించింది కదా అని పెకలించి తెచ్చి కుండీలో పెడితే బతకడం కష్టం. వేరు కట్టెబారి లోతుకు దిగి ఉంటుంది, అది తెగితే మొక్క మళ్లీ కోలుకోదు. ఎండిన కాయ పగలకముందే విత్తనం ఏరి చల్లుకోవడమే మేలు.

ఇక కుండీ మార్పు. సైబరాబాద్‌లో ఈ పనికి చేతి నేర్పు కన్నా క్యాలెండర్ ముఖ్యం. ఆఫ్రికన్ వయొలెట్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 26 డిగ్రీల మధ్య. మే నెలలో ఇక్కడ బయట 40 దాటుతుంది. పడమటి అద్దాల ఫ్లాట్‌లో ఏసీ ఆపేసి ఆఫీసుకు వెళ్తే లోపలి వేడీ తక్కువేం కాదు. వేళ్లు తెగిన మొక్క ఆ వేడికి నీళ్లు తాగలేదు, తాగలేనిది కుళ్లుతుంది. అందుకని కార్తికం మొదలు సంక్రాంతి దాకా ఉన్న రోజులే దీనికి అసలైన అదును. వానాకాలంలోనూ మార్చవచ్చు గానీ ముసురు రోజుల్లో మట్టి ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో మెడ ఎంత పెరిగినా చూసీ చూడనట్టు ఊరుకోవాలి.

కుండీ ఎంచుకునేటప్పుడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. డబుల్ బెడ్‌రూమ్ నుంచి ట్రిపుల్‌కు మారడమే ఎదుగుదలగా లెక్కేసే ప్రాంతంలో మొక్కకూ విశాలమైన ఇల్లు ఇవ్వాలనిపించడం సహజమే. వయొలెట్‌కు ఇరుకే ఇష్టం. ఆకుల చక్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు జానెడు, అంటే తొమ్మిదంగుళాలు ఉంటే, కుండీ మూతి మూడంగుళాలు చాలు. అంతకన్నా పెద్దదైతే వేళ్లు అందుకోని మట్టిలో నీళ్లు నిలిచి వేరుకుళ్లు వస్తుంది. ఎదిగిన మొక్కను చాలాసార్లు పాత కుండీలోనే, కొత్త మట్టితో తిరిగి నాటితే సరిపోతుంది.

మట్టి అన్నా అందులో నేలమట్టి ఉండదు. ఇక్కడి ఎర్రమట్టి నేలలో బాగుంటుంది, మూడంగుళాల కుండీలో మాత్రం నాలుగు తడులకే ఇటుకలా బిగుసుకుపోతుంది. కోకోపీట్, పెర్లైట్, వర్మిక్యులైట్ సమపాళ్లలో కలిపితే గుప్పిట్లో పిసికినా ముద్ద కాని పొడి మిశ్రమం తయారవుతుంది. కోకోపీట్ ఇటుకను నానబెట్టి నేరుగా వాడకూడదు. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి బియ్యం కడిగినట్టు కడిగి పిండాలి. ఈ ఒక్క పనీ బద్ధకించినవాళ్లే తర్వాత ఆకుల అంచులు మాడాయని బాధపడతారు.

మార్చడానికి ముందురోజు నీళ్లు పోయకూడదు. కాస్త వడలిన ఆకు వంగుతుంది, నీరు పట్టిన ఆకు పుటుక్కున విరుగుతుంది. కుండీని పక్కకు వంచి, మెడ రెండు వేళ్ల మధ్య ఇమిడేలా అరచేయి అడ్డం పెట్టి, అడుగున బొటనవేలితో నొక్కితే వేళ్ల ముద్ద మొత్తంగా జారి చేతిలోకి వస్తుంది. ఆ క్షణంలో ఒకసారి వెలుతురులో తిప్పి చూడాలి. వేళ్లు సన్నగా, తెల్లగా ఉంటే మంచిదే. నల్లబడి మెత్తగా ఉంటే కుళ్లు. వేళ్ల మధ్య బూజు అంటినట్టు తెల్లని పొడి చుక్కలుంటే అది పిండినల్లి. అప్పుడు ఆ మట్టినంతా పారబోసి మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టాలి.

తర్వాత అడుగు వరస ఆకుల్లో పండినవీ, వంకరపోయినవీ పక్కకు తుంచేస్తారు. బోసిపోయిన మెడను చాకు మొండి అంచుతో, క్యారెట్ పైచెక్కు గీకినంత మెల్లగా గీకాలి. గోధుమ పొర పోయి లేతాకుపచ్చ కనబడగానే ఆపాలి. కొత్త వేళ్లు పుట్టేది అక్కడి నుంచే. మెడ ఎంత పొడవుందో వేళ్ల ముద్ద అడుగున అంతే మందం కోసి తీసేయడం తర్వాతి పని. కొత్తవాళ్ల చెయ్యి ఇక్కడే వణుకుతుంది. కొయ్యకపోతే మెడ మట్టిలోకి దిగదు, దిగకపోతే ఇంత పనీ దండగ. మొక్కను కుండీలో దించి, చుట్టూ మిశ్రమం పోసి, గట్టిగా అదమకుండా కుండీని నేలకు రెండుసార్లు తడితే చాలు. చివరి వరస ఆకుల తొడిమలు మట్టికి ఆనీ ఆననట్టు ఉండాలి. మొవ్వులో ఒక్క రేణువు పడినా మెత్తని కుంచెతో దులిపేయాలి, మొవ్వు కుళ్లితే మొక్క పోయినట్టే.

నారు పోసినవాడు నీరు పోయడా అన్న సామెత ఈ మొక్క దగ్గర బెడిసికొడుతుంది. వయొలెట్లు ఎక్కువగా చచ్చేది నీరు పోసేవాడి చేతిలోనే. నాటాక మిశ్రమం తడిసేంత మాత్రమే పోసి, మొక్కను పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో ఉంచి మూతి వదులుగా కట్టాలి. పది రోజుల నుంచి రెండు వారాల దాకా అదే దాని ఐసీయూ. తూర్పు కిటికీ వెలుతురు తగలాలి, ఎండ మాత్రం నేరుగా పడకూడదు. ఆ తర్వాత రోజుకు కొంచెం కొంచెంగా మూతి తెరవాలి.

నీటి నాణ్యత మరో చిక్కు. ఐటీ కారిడార్‌లో చాలా కాలనీల బోరునీరు ఉప్పుబారినదే. కుండీ అంచున తెల్లని పెచ్చు కట్టి, దానికి ఆనిన తొడిమ అక్కడే కమిలిపోతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే వృథా నీళ్లు మొక్కలకు పోయమని చాలామంది సలహా ఇస్తారు. అందులో ఉప్పు ఇంకా ఎక్కువ, దాంతో బాల్కనీ కడుక్కోవడం నయం. వేసవిలో ఏసీ పైపు నుంచి బకెట్‌లో పడే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. గది వేడికి వచ్చాక అవి వాడుకోవచ్చు. చల్లని నీరు ఆకు మీద పడితే పాలిపోయిన మచ్చలు పడి ఇక మానవు, కాబట్టి అడుగున పళ్లెంలో పోసి, అరగంటకు మిగిలింది ఒంపేయడమే పద్ధతి.

బాల్కనీకి అసలు వయొలెట్ కుటుంబం కావాలనుకుంటే ప్యాన్సీ ఉంది. విత్తనానికి 20 డిగ్రీల చల్లదనం కావాలి, అక్టోబర్‌లో ఇక్కడ పగటి వేడి దానికి ఎక్కువే. అందుకని నవంబర్‌లో ప్రోట్రేల్లో నారు కొనడం తేలిక. నాలుగైదు ఆకులున్న నారును సాయంత్రం పూట, ఆరేడు అంగుళాల ఎడంతో, ట్రేలో ఉన్న లోతులోనే నాటాలి. మెడను మట్టిలో ముంచడం ఆఫ్రికన్ వయొలెట్‌కే, దీనికి కాదు. మొదటి మొగ్గలు గిల్లేస్తే వేరు నిలదొక్కుకుంటుంది. ఇరవయ్యో అంతస్తులో గాలి విసురుకు లేత కాడలు విరుగుతాయి కాబట్టి పెట్టెలను గోడవార ఉంచాలి. వాడిన పువ్వు వాడినట్టే తుంచుతూ పోతే ఫిబ్రవరి చివరిదాకా పూస్తుంది. మార్చి ఎండలకు దాన్ని ఎవరూ కాపాడలేరు.

కుండీ మార్పులో తుంచిన వయొలెట్ ఆకుల్లో గట్టివి ఉంటే పారేయనక్కర్లేదు. తొడిమను అంగుళం ఉంచి ఏటవాలుగా కోసి, అదే మిశ్రమం నింపిన టీ కప్పులో గుచ్చితే రెండు మూడు నెలల్లో ఎలుక చెవుల్లాంటి పిల్ల ఆకులు లేస్తాయి. ఒక్కో ఆకు దగ్గర మూడు నాలుగు పిల్లమొక్కలు రావచ్చు. అవి రూపాయి బిళ్లంత ఆకులు వేశాక వేళ్లు చిక్కుతీసి, ఒక్కోదాన్ని ఒక్కో కప్పులో నాటుతారు. నవంబర్‌లో గుచ్చినవి ఉగాదిలోపు ఈ దశకు రాకపోతే తల్లి ఆకుతోనే వేసవి గడపనిచ్చి, మృగశిర కార్తె వచ్చి గాలి చల్లబడ్డాక విడదీయాలి.