కొడుకు నోట తండ్రి కథ

ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని ఆలంకారికులు మూడు విధాలుగా విభజించినారు. ప్రఖ్యాతమైన కథను చేపట్టిన కవికి ఒక సౌకర్యమూ ఒక చిక్కూ ఉన్నవి. పాత్రలను పరిచయం చేయవలసిన పని లేదు. కాని ముగింపు ప్రేక్షకునికి ముందే తెలుసు. ఏమి జరుగునో అన్న కుతూహలం మీద అట్టి నాటకం నిలువదు. జరిగినది ఎందుకు జరిగినదో, జరుగుతున్ననాడు ఆ మనుష్యులు ఎట్లా ఉండినారో చూపి మెప్పించవలె. పురాణకథలకు చెందిన ఈ చిక్కు ఇప్పుడు టెలివిజన్ రచయితలకూ సంక్రమించినది. జనాదరణ పొందిన ధారావాహికకు వెనుకటి కథను తరువాత కల్పించడం పాశ్చాత్య దేశాలలో పరిపాటి అయినది. అమెరికాలో 2017 సెప్టెంబరు నుంచి 2024 మే వరకు సీబీఎస్ సంస్థ 141 భాగాలుగా ప్రసారం చేసిన ‘యంగ్ షెల్డన్’ అట్టి పూర్వకథలలో సాహిత్యపరులు శ్రద్ధతో చూడదగినది. ఒక కొడుకు తన తండ్రిని గురించి చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చునన్నది దానిలోని అసలు ప్రశ్న.

దీనికి మూలమైన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ 2007 నుంచి 2019 వరకు నడిచినది. పసడీనాలో నివసించే యువ శాస్త్రజ్ఞుల హాస్యకథ అది. అందులో షెల్డన్ కూపర్ భౌతికశాస్త్రవేత్త. మహామేధావి, తన మాటకు ఎదుటివాడు నొచ్చుకొంటాడని ఎరుగనివాడు. కథ ఆరంభమయ్యేనాటికే అతని తండ్రి జార్జ్ చనిపోయినాడు. కొడుకు మాటలలో ఆ తండ్రి తాగుబోతు, మోటువాడు, భార్యతో నిత్యం కలహించేవాడు. 2016లో ప్రసారమైన ఒక భాగంలో షెల్డన్ మరొక నేరమూ చెప్పినాడు. తనకు పదమూడేళ్ళప్పుడు ఇంటికి వచ్చి తలుపు తీయగా తండ్రి పరస్త్రీతో కంటబడినాడట. నాటినుంచి ఏ తలుపునైనా మూడుసార్లు తట్టనిదే తెరువడట. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా నవ్వు పుట్టించిన అలవాటుకు మూలం అక్కడ బయటపడినది.

పూర్వకథ 1989లో, తూర్పు టెక్సాస్‌లోని మెడ్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో మొదలవుతుంది. తొమ్మిదేళ్ళ షెల్డన్ హైస్కూలులో చేరి, అయిదేళ్ళు పెద్దవాడైన అన్న జార్జీతో ఒకే తరగతిలో కూర్చుంటాడు. తండ్రి అదే పాఠశాలలో ఫుట్‌బాల్ శిక్షకుడు. తల్లి మేరీ బాప్టిస్టు భక్తురాలు. మిస్సీ కవల సోదరి. పక్కనే అమ్మమ్మ. కథ చెప్పేవాడు మాత్రం పెద్దవాడైన షెల్డన్. మూలకథలో ఆ పాత్రను ధరించిన జిమ్ పార్సన్స్ గొంతే ఇందులోనూ వినిపిస్తుంది. చక్ లోరీ, స్టీవెన్ మొలారో దీనిని సృష్టించినారు.

రెండింటికీ ఉన్న ముఖ్యభేదం కథలో కంటె నవ్వులో ఉన్నది. మూలకథను ప్రేక్షకసమూహం ఎదుట నటించి చిత్రించినారు. ప్రతి చమత్కారం వెనుకా వారి నవ్వు వినబడుతుంది. తండ్రి తాగుడును గురించి షెల్డన్ ఒక మాట అనగానే నవ్వు లేచి ఆ మాటను కొట్టుకొనిపోతుంది. ఆ మనిషి ఎవరు, ఎందుకు తాగినాడు అని అడిగే వ్యవధి అక్కడ లేదు. పూర్వకథను సినిమా పద్ధతిలో, ప్రేక్షకుల నవ్వు లేకుండా తీసినారు. పగలంతా పనిచేసి అలసివచ్చిన మనిషి చేతిలో అదే బీరు డబ్బా కనిపించినప్పుడు గదిలో నిశ్శబ్దం ఉంటుంది. నవ్వవలెనో వద్దో ప్రేక్షకుడే తేల్చుకోవలె. హాస్యం నుంచి కరుణకు మారడానికి రచయితలు గొప్ప ప్రయత్నమేమీ చేయలేదు. నవ్వును తొలగించినారు, అంతే.

ఆ నిశ్శబ్దంలో కనిపించిన జార్జ్ కొడుకు వర్ణించిన జార్జ్ కాడు. మొదటి భాగంలోనే ఇందుకు సాక్ష్యం ఉన్నది. పాఠశాల నియమాలను ఉల్లంఘించిన వారందరినీ చిన్న షెల్డన్ వేలెత్తి చూపి అందరికీ కంటగింపు అవుతాడు. అప్పుడు తండ్రి తన సంగతి చెబుతాడు: గాల్వెస్టన్‌లో ఉండగా ఆటగాళ్ళను అక్రమంగా చేర్చుకొంటున్నారని బయటపెట్టినందుకే తన ఉద్యోగం పోయినది. నియమపాలనలో ఆ మొండితనం బాలుడికి ఎక్కడిదో ఆ ఒక్క సన్నివేశం తెలుపుతున్నది. తనకు అర్థంకాని కొడుకును జార్జ్ అర్థం చేసుకోజాలడు, కాని విడువడు. లాన్స్ బార్బర్ ఈ పాత్రను ఎక్కడా పొంగనీయక, బరువైన నడకతో, సగంలో ఆగిన మాటలతో పోషించినాడు. (ఇతడే మూలకథలో మరొక పాత్రకు చిన్ననాటి పీడకుడుగా వచ్చి వెళ్ళినవాడు. మేరీగా నటించిన జోయీ పెర్రీ మూలకథలోని మేరీ అయిన లారీ మెట్‌కాఫ్‌కు కన్నకూతురు; పోలిక కోసం శ్రమపడవలసిన అవసరం లేకపోయినది.)

మూలంతో పూర్వకథకు పొందిక లేదని అభిమానులు పలువురు ఎత్తిచూపినారు. నిజమే. ఈ విరుద్ధాలన్నీ బుద్ధిపూర్వకమైనవని రచయితలకు గౌరవం కట్టబెట్టనక్కరలేదు. కొన్ని కేవలం మరపు. కాని సాక్షి ఒక్కడే అయి, అతడు ఎదుటివారి మనసు చదవలేనివాడని మొదటినుంచీ తెలిసినప్పుడు, పొందిక లేకపోవడమే కథకు వస్తువు కాగలదు. మూలకథ రచయితలు కూడ ఇది గ్రహించినట్లున్నది. 2018లో జార్జీ పసడీనా కథలోకి వచ్చి, తండ్రి పోయినప్పుడు తల్లినీ చెల్లెలినీ చూసుకొన్నది తానేననీ, తమ్ముడు అప్పటికే వెళ్ళిపోయినాడనీ చెబుతాడు. ఆ సంవత్సరం డిసెంబరులోనే మరొక భాగంలో, ఓడిపోతున్న జట్టుకు తండ్రి ధైర్యం చెప్పిన పాత వీడియో టేపును షెల్డన్ చూస్తాడు. పూర్వకథ వెలుగు ఆ విధంగా మూలకథ మీద పడినది. వెనుక జరిగినదానికి కారణాన్ని ముందెక్కడో తెలియజేసే కథనం కళాపూర్ణోదయం చదివిన తెలుగువారికి కొత్త కాదు. ఇక్కడ మాత్రం తెలిసేది ఘటనకు కారణం కాదు, ఒక మనిషి స్వభావం.

ఇంతవరకు వచ్చిన రచయితలు ఒక చోట వెనుకకు తగ్గినారు. పరస్త్రీ ప్రసంగాన్ని వారు తప్పించుకోలేరు, మూలంలో ఉన్నది. కథ నడుమ వారు దానికి మంచి దారే వేసినారు. కాపురంలో విసిగిన జార్జ్‌కూ పొరుగింటి బ్రెండాకూ మధ్య ఆకర్షణ పెరుగుతుంది. అది తప్పుదాకా పోయి ఆగుతుంది. మేరీకి తెలుస్తుంది. అదే కాలంలో మేరీ మనసు కూడ చర్చిలోని ఒక యువబోధకుని వైపు మళ్ళుతుంది. ఇద్దరూ దోషులు కారు, ఇద్దరూ నిర్దోషులూ కారు. ఆ భాగాలలోని సంభాషణ కొన్ని మంచి కథానికల సరసన నిలువగలదు. చివరి సంవత్సరంలో మాత్రం షెల్డన్ చూసిన ఆ స్త్రీ ఎవరో తేల్చినారు: పసుపుజుట్టు విగ్గు ధరించి, జర్మన్ యువతి వేషం వేసుకొన్న మేరీయే! అపరాధం పొరపాటుగా తేలిపోయినది. తండ్రిని క్షమించవలసిన అవసరమే లేకుండా చేసినారు. తప్పు చేసిన తండ్రిని ప్రేమించడం కొడుకుకు కష్టం, రచయితకు ఇంకా కష్టం. ఆ కష్టానికి సిద్ధపడి ఇన్నేళ్ళు నడిచిన రచన విగ్గుతో బయటపడడం చిన్నతనం.

అమ్మమ్మ బట్టల ఉతుకుశాల వెనుక జూదం నడిపిన కథలు గంటలు నింపడానికి పనికివచ్చినవి. వాటిని గురించి చెప్పవలసినది లేదు.

తండ్రి మరణం చూపిన భాగం 2024 మే 9న ప్రసారమైనది. అతనికి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో శిక్షకునిగా ఉద్యోగం వచ్చినది. కుటుంబమంతా ఫోటో తీయించుకోవడానికి కొత్తబట్టలు కట్టుకొని అతనికోసం ఎదురుచూస్తున్నారు. తలుపు దగ్గరకు వచ్చినవారు అతని సహోద్యోగులు. గుండె ఆగిపోయినది. ఉదయం తండ్రి పనికి వెళ్తూ చెప్పి వెళ్ళినాడు. షెల్డన్ తల ఎత్తి చూడలేదు. అంత్యక్రియల భాగంలో ఆ ఉదయాన్ని బాలుడు మనసులో పలుమార్లు మళ్ళీ జరిపించుకొంటాడు, ప్రతిసారీ వేరొక మాటతో. చర్చిలో లేచి తండ్రిని ప్రేమించినానని చెబుతాడు కూడ. వెంటనే పెద్ద షెల్డన్ గొంతు, ఆనాడు తాను ఆ మాట చెప్పనే లేదని ఒప్పుకొంటుంది. అంతవరకు హాస్యానికి ఉపయోగపడిన కథకుని గొంతుకు అప్పుడు అర్థం మారినది. ఏడేళ్ళుగా వినిపించినది చెప్పలేకపోయినవాడు ఆలస్యంగా చెబుతున్న మాట.

చివరి భాగంలో ఆత్మకథ వ్రాస్తున్న షెల్డన్, అతని భార్య ఏమీ కనిపిస్తారు. మూలకథ అభిమానులకు అది కానుక. కథకు అంతగా అవసరం లేదు. ఆ భాగంలో విలువైనది వేరొక ఘట్టం. భర్తను పోగొట్టుకొన్న మేరీ భయంతో పిల్లలిద్దరికీ బాప్తిస్మం ఇప్పించాలని పట్టుబడుతుంది. మిస్సీ నిరాకరిస్తుంది. ఇంటిలో మేధావి మీదనే అందరి దృష్టీ ఉండగా ఒంటరిగా పెరిగిన పిల్ల ఆమె. ఆమె కోపంలో తండ్రిని గురించిన దుఃఖం షెల్డన్ దుఃఖం కంటె తక్కువది కాదు, కాని ఆత్మకథ వ్రాసేది ఆమె కాదు. దేవుడు లేడని తొమ్మిదో యేటినుంచి తల్లితో వాదించిన షెల్డన్ మాత్రం ఒప్పుకొంటాడు. నమ్మకం కలిగి కాదు. తల్లికి ఊరట కలుగుతుందని. నీటిలో మునిగి లేచిన ఆ బాలుని ముఖం మీద చమత్కారం ఏదీ లేదు. ఎదుటివారి మనసు తెలియదని రెండు ధారావాహికలు ఎవరిని చూసి నవ్వించినవో, అతడు ఆ పూట ఒకరి మనసు తెలుసుకొని నడుచుకొన్నాడు. వ్యాఖ్యానం చేయకుండా రచయితలు ఆ దృశ్యాన్ని అక్కడ విడిచిపెట్టినారు.