777 ఎందుకు కొడతారు?

నేరేడుచర్లలోని ఒక డీటీపీ షాపులో ఈ వారం మళ్లీ అదే కనిపించింది. ఒకే లినక్స్ సిస్టమ్, ముగ్గురు పనివాళ్లకు మూడు లాగిన్లు, పెళ్లి కార్డుల ఫైళ్లకు ఒక ఉమ్మడి ఫోల్డర్. దానికి 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ. "కొట్టిన సార్, ఇప్పుడు ఎవ్వలకైనా సేవ్ అయితది" అన్నాడు కుర్రాడు. 777 మీద నా కోపం ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. ఫైలును చెరిపే హక్కు ఫైలును బట్టి రాదు, అది ఉన్న ఫోల్డర్‌ను బట్టి వస్తుంది. అంటే కస్టమర్ల కోసం పెట్టిన గెస్ట్ లాగిన్‌లోంచి కూడా ఆ కార్డులన్నీ తుడిచేయొచ్చు.

ముగ్గురినీ ఒక గ్రూపులో చేర్చి, ఫోల్డర్‌ను ఆ గ్రూపు పేర రాసి, 2775 పెట్టమని చెప్పబోయాను. ఆ ముందున్న 2 సెట్‌జిఐడి. లోపల ఎవరు ఫైలు చేసినా అది ఫోల్డర్ గ్రూపుకే చెందుతుంది. తీరా చూస్తే గ్రూపు అనుమతుల్లో 'ఎస్' అక్షరం అప్పటికే ఉంది. కుర్రాడు ఇవన్నీ ముందే చేశాడు! 777 కొట్టినా లినక్స్ చ్‌మోడ్ ఫోల్డర్ మీది సెట్‌జిఐడిని చెరపదు. మరి తంటా ఎక్కడ? యుమాస్క్ 022. కొత్త ఫైలు 644గా పుడుతోంది, గ్రూపు మనిషి చదవగలడే తప్ప దిద్దలేడు. ఒకరి ఫైలు అనుమతులు ఇంకొకరు మార్చాలంటే రూట్ కావాలి కనుక, రూట్ పాస్‌వర్డ్ ముగ్గురి నోటా ఉంది.

నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద బతికేవాళ్లకు, గ్రూపులో పేరుండీ రాసే హక్కు లేకపోవడం అంటే ఏమిటో విడమరచి చెప్పాలా? 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. చివరి ఆయకట్టు రైతుకు సంఘంలో పేరొచ్చింది, ఓటొచ్చింది. మడికి నీళ్లు అందకపోతే ఆ పేరును ఏం చేసుకోవాలి? రాత్రి తూము తలుపు లేపినవాణ్ని తిట్టడం తేలిక. వంతు నీళ్లు వంతుకు వస్తే అతనికి నిద్ర మానుకోవాల్సిన పనేముంది?

కాబట్టి ఈసారి నా కోపం 777 మీద కాదు, 022 మీద. గ్రూపులో చేర్చాక రాసే హక్కు ధారాళంగా ఇవ్వాలి. డెబియన్, ఉబుంటు, రెడ్ హ్యాట్ ప్రతి యూజర్‌కూ సొంత గ్రూపు ఇస్తాయి గనుక యుమాస్క్ 002 పెట్టినా హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లకు భయం లేదు. అందరి లాగిన్లూ మార్చడం కుదరకపోతే ఆ ఒక్క ఫోల్డర్‌కు సెట్‌ఎఫ్ఏసీఎల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్ పెడితే చాలు, అక్కడ యుమాస్క్ మాట చెల్లదు. షాపులో అదే పెట్టించాను, ఫోల్డర్‌ను 2775 చేయించి, పాత ఫైళ్లను 664 చేయించి, రూట్ పాస్‌వర్డ్ మార్పించాను. ఒక్కటి గుర్తుంచుకోవాలి: డౌన్‌లోడ్స్ నుంచి మూవ్ చేసిన ఫైలు పాత గ్రూపుతో, పాత అనుమతులతోనే వస్తుంది. కాపీ చేస్తే గ్రూపు సరిపోతుంది, అనుమతులు మాత్రం 664 చేయండి.