గాజుదేహముగల పట్టభద్రుడు

స్పెయినుదేశపు కవి సెర్వాంటెసు పేరు వినినతోడనే డాన్ క్విక్సోటు స్మృతికి వచ్చుట సహజము. ఆ ప్రసిద్ధి నీడలో నతని చిన్నకథలు మఱుగుపడినవి. 1613వ సంవత్సరమున నతడు ప్రకటించిన పండ్రెండుకథల సంపుటమునందు "గాజు పట్టభద్రుడు" అను కథ యొకటి కలదు. తన దేహమంతయు గాజుతో నిర్మితమైనదని నమ్మిన యొక విద్వాంసుని చరిత్రము దానికి వస్తువు. చమత్కారోక్తులను గ్రుచ్చుటకై కవి పేనిన సన్నని దారమే యీ కథ యనియు, దారమునకు స్వతంత్రమైన విలువ లేదనియు తలచిన విమర్శకులు కలరు. ఈ యభిప్రాయము కథ మధ్యభాగమునకు కొంత వర్తించును గాని కథకంతటికిని వర్తింపదు. దేహభ్రాంతి తొలగిన పిమ్మట నట్టివానిని లోకము తిరిగి మనుష్యుడుగా గుర్తించునా యను ప్రశ్నయే దీనికి ప్రాణము.

కథాసంగ్రహ మిది. సలమాంకా పట్టణసమీపమున, తోర్మెస్ నదీతీరమందు, చెట్టుక్రింద నిద్రించుచున్న పదునొకండేండ్ల బీదబాలుని నిరువురు విద్యార్థులు చూచి వెంటగొనిపోయిరి. తోమాస్ రోదాహా యను నా బాలుడు వారికి పరిచర్య చేయుచు నెనిమిదేండ్లు చదివి ధర్మశాస్త్రమున ప్రజ్ఞావంతుడని పేరు గాంచెను. ఇటలీ, ఫ్లాండర్సు సీమలను చూచివచ్చి పట్టము పొందెను. అతనిని వలచి తిరస్కృతయైన యొక స్త్రీ వశ్యౌషధము కలిపిన పండును తినిపించెను. ఆఱుమాసములు మంచము పట్టి లేచినపిదప నతని దేహము స్వస్థమయ్యెను. బుద్ధి మాత్రము తాను గాజునని పట్టుపట్టెను. భ్రమ పోగొట్టవలెనని మిత్రులు కౌగిలించుకొనగా నతడు కేకలువేసి మూర్ఛిల్లి నాలుగుగంటలవఱకు తెలివి పొందలేదు. ఇంటికప్పులనుండి పెంకులు మీద పడునేమో యని వీథి నడుమనే నడచును. చలికాలమున గొంతువఱకు గడ్డిలో మునిగి నిద్రించును. రాజాస్థానమున్న వయ్యదోలిద్ పట్టణమునకు గాజుపాత్రవలె గడ్డి నింపిన గంపలో కూర్చుండి ప్రయాణము చేసెను.

ఇది కేవలకల్పనము కాదు. ఫ్రాన్సురాజగు ఆఱవ చార్లెసు (1368–1422) తాను గాజునని భ్రమించి, పరులు తాకినను పగిలిపోకుండుటకై వస్త్రములలో నినుపకమ్ములు పెట్టించుకొనెనని రెండవ పయస్ పోపు వ్రాసియున్నాడు. అంతకు చాల పూర్వము, క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడగు వైద్యుడు గాలెను, తన్ను మట్టిపాత్రగా నెంచుకొని పగులుదునేమో యను భీతిచే నెదురువచ్చువారికి తొలగిపోవు రోగి నొకనిని పేర్కొనెను. 1641లో ప్రకటించిన తత్త్వగ్రంథమున డెకార్టు ఉన్మత్తుల కుదాహరణముగా మట్టితలగలవారిని, గాజుదేహముగలవారిని కలిపి చెప్పెను. మట్టికి బదులు గాజు వచ్చినది. పగిలిపోదునను భయము మాత్రము మాఱలేదు. నిర్మలమైన వెనిసుగాజు ధనికుల గృహములలో ప్రశస్తవస్తువైన కాలముననే యీ భ్రమ తఱచుగ గానవచ్చుట గమనింపదగినది.

దేహమునుగూర్చిన యిట్టి వైపరీత్యములు దేశకాలములనుబట్టి వేర్వేఱు రూపములు దాల్చును. తనకు మెదడు, నరములు, కడుపు లేవనియు, చర్మము, ఎముకలు మాత్రమే మిగిలినవనియు చెప్పిన స్త్రీని 1880లో పారిసువైద్యుడు జూల్ కొతార్ వర్ణించెను. మలయా, చీనా ప్రాంతములందు "కోరో" యను వ్యాధికి లోనైనవాడు తన గుహ్యావయవము లోనికి ముడుచుకొనిపోయి ప్రాణము తీయునని భయపడును. ఈ భయము 1967లో సింగపూరునందును, 1982లో అస్సాము, ఉత్తరవంగ ప్రాంతములందును సాంక్రామికవ్యాధివలె జనులలో వ్యాపించెను. మఱికొందఱికి నారోగ్యముగానున్న తమ కాలో చేయియో తమది కాదనియు, అది తొలగినగాని దేహము సమగ్రము కాదనియు తోచును. అవయవము నిర్దోషమని వారు చక్కగా నెఱుగుదురు. కావున దానిని భ్రమ యనుట తగదు. ప్రపంచారోగ్యసంస్థవారి రోగవర్గీకరణమున, 2022వ సంవత్సరమునుండి యమలులోనున్న కూర్పునందు, దీనికి ప్రత్యేకస్థాన మేర్పడినది. వీనినన్నిటిని నొక్కరోగమే యనుట పొరపాటు. ఐనను, తక్కిన విషయములలో నిలుకడగానున్న బుద్ధి తన దేహముతో మాత్రము పొత్తు కోల్పోవుట వీనిలో పలుచోట్ల గానవచ్చును.

సెర్వాంటెసు ఈ సూక్ష్మము నెఱిగినవాడు. తోమాసునకు శాస్త్రజ్ఞానము చెడలేదు. పైగా, గాజు సూక్ష్మద్రవ్యము గావున దానియందలి యాత్మ బరువైన మాంసదేహమందలి యాత్మకంటె చుఱుకుగా పనిచేయుననియు, కావున తన్ను కఠినప్రశ్నలే యడుగవలసినదనియు నతడు పండితులను కోరును. భ్రమనుండి యుక్తిని పుట్టించు నీ తర్కమును విని సలమాంకా యాచార్యులు విస్మితులైరి. ఉన్మత్తుని వాక్యములను నసంబద్ధములుగా గాక, ఒక్క యసత్యముపై కట్టిన సుసంబద్ధవాదముగా చిత్రించుట యీ కవి ప్రతిభకు నిదర్శనము.

మధ్యభాగమందలి దోషము నొప్పుకొనవలసినదే. కుట్టుపనివారు, వైద్యులు, కవులు, న్యాయాధికారులు వరుసగా వచ్చుటయు, గాజుమనుష్యు డొక్కొక్కరిని నొక్కొక వాక్యముతో కొట్టుటయు విసువు పుట్టించును. వానిలో కొన్ని చమత్కారములు శ్లేషమీద నాధారపడియుండుటచే భాషాంతరమున నిలువవు. కాని యీ విసువునం దొక యర్థము కలదు. తాకినంతనే పగులుదునని వణకువాడు మాటలతో నందఱిని రాళ్లు రువ్వినట్లు కొట్టుచున్నాడు. జనులు కోపింపరు, నవ్వుదురు. పిచ్చివాని నోట వచ్చిన సత్యమునకు వెల చెల్లింపనక్కఱలేదని వారికి తెలియును.

పిచ్చివారికి చికిత్స చేయ నేర్చిన యొక సన్న్యాసి రెండేండ్లకు పిమ్మట నతనిని స్వస్థుని చేసెను. ఈ చికిత్సావిధానమును కవి కొలది వాక్యములలో ముగించుట లోపముగా కనబడవచ్చును. కాని కవిదృష్టి చికిత్సపై లేదు; దాని ఫలముపై నున్నది. చిన్నచక్రమను నర్థమిచ్చు రోదాహా యను పేరుగల బాలుడు పిచ్చిలో గాజను నర్థమిచ్చు విద్రియేరా యయ్యెను; స్వస్థుడై చక్రమను నర్థమిచ్చు రుయేదా యను పేరు ధరించి న్యాయవాదిగా నాస్థానమునకు వచ్చెను. వీథులలో నడిగిన ప్రశ్నలనే యింటికివచ్చి యడుగుడనియు, ఆలోచించి మఱింత మేలుగా ప్రత్యుత్తర మిత్తుననియు జనులను ప్రార్థించెను. జనులు వినిరి, వెంటబడుట మాత్రము మానలేదు. వారికి కావలసినది గాజుమనుష్యుడే గాని ధర్మశాస్త్రజ్ఞుడు కాడు. పిచ్చిలో నన్నము దొరకినవానికి తెలివిలో నన్నము దొరకలేదు. తుదకు శాస్త్రము విడిచి ఫ్లాండర్సుసేనలో చేరి యచటనే మరణించెను.

ఇచట సోమదేవుని కథాసరిత్సాగరమందలి వేతాళకథ యొకటి తలంపునకు వచ్చును. ధవళుడును, అతని బావమఱదియు దేవ్యాలయమున శిరస్సులు ఖండించుకొనగా, మదనసుందరి దేవీవరముచే వానిని మొండెములకు చేర్చుచు తొందరపాటున తారుమారు చేసెను. ఆమె భర్త యెవడను ప్రశ్నకు, భర్తృశిరస్సు గలవాడే భర్త యనియు, అంగములలో శిరస్సు ప్రధానమనియు, ప్రత్యభిజ్ఞ దాని నాశ్రయించియుండుననియు త్రివిక్రమసేనుడు తీర్పు చెప్పెను. వేతాళుడు దాని నంగీకరించెను. స్పెయినుకథ యీ తీర్పునకు మఱియొకవైపు చూపుచున్నది. తోమాసు శిరస్సు చక్కబడినది. అతడు తన్ను తాను గుర్తించుకొనెను. కాని ప్రత్యభిజ్ఞ యొక్కని శిరస్సునందే లేదు, చూచువారి కన్నులయందును కలదు. అచట నతడు గాజుగానే నిలిచిపోయెను.

కావున నీ కథను హాస్యకథయని పక్కకు నెట్టుట తగదు. తోమాసు దేహమును గాజుగా భావించుట రోగము. దానికి వైద్యుడు దొరకెను. స్వస్థుడైనవానిని గాజుగానే చూచుట లోకుల యభ్యాసము. దానికి వైద్యుడు దొరకలేదు. అపూర్వమైన దేహభ్రాంతిని వింతగా చెప్పుకొని నవ్వు పాఠకుడుకూడ వయ్యదోలిద్ వీథిలో నతని వెంటబడిన గుంపులో నొక్కడే యగును.