పాత కారుకి కొత్త నగలు

అలంకారమంటే ఆడవాళ్ళ సొత్తని లోకంలో ఓ అపవాదు ఉంది. చీరకి తగ్గ జాకెట్టూ, జాకెట్టుకి తగ్గ గాజులూ వెతుక్కుంటూ కొట్లో గంటలకొద్దీ కూర్చుంటామని మనమీద జోకులు వేసుకుని మగవాళ్ళు ఎన్నాళ్ళుగానో కాలక్షేపం చేస్తున్నారు. ఆ మహానుభావుల్ని ఒక్కసారి కారు సామాన్లమ్మే కొట్టు దగ్గర చూడండి. సికిందరాబాదు రాణీగంజ్ అయినా సరే, విజయవాడ ఆటోనగర్ అయినా సరే. స్టీరింగుకి తొడుగు, గేరు రాడ్డుకి తళతళలాడే గుండు, తలుపు పిడులకి వెండిరంగు తొడుగులు, చక్రాలకి మూతలు, వెనకద్దం మీద గర్జించే సింహం! పట్టుచీరల కొట్లో మన ఆత్రం దీనిముందు ఏపాటి చెప్పండి?

అందులోనూ కారు పాతదయితే సంబరం రెట్టింపు. కొత్త కారుకి కంపెనీవాళ్ళు పెట్టిన నగలుంటాయి. పాత చిన్న కారు పుట్టింటినుంచి ఏమీ తెచ్చుకోని పిల్ల. అన్నీ మనమే పెట్టుకోవాలి.

నగలు పెట్టడం తప్పని నేననను. పాత చీరకి కొత్త అంచు కుట్టించుకుని నలుగురిలోకీ వెళ్ళిన జాతి మనది. ఉన్నదాన్ని పారెయ్యకుండా బాగుచేసుకుని వాడుకోవడంలో పొదుపూ ఉంది, మమకారమూ ఉంది. అయితే కథల్నీ, సినిమాల్నీ సమీక్షిస్తున్నాం కదా, వేలకు వేలు పోసి చేసే ఈ కళని మాత్రం ఎవరూ ఎందుకు సమీక్షించరూ అని నా సందేహం. ఇవాళ ఆ పనే చేద్దాం.

కొలతకర్ర కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడనే పండితుడు కవిత్వం గురించి రాస్తూ ఔచిత్యమన్న మాట పట్టుకున్నాడు. నడుముకి పెట్టాల్సింది మెడకీ, చేతికి వేసుకోవాల్సింది కాలికీ వేసుకుంటే ఆ మనిషిని చూసి నవ్వరా అన్నది ఆయన వాదన. ఉండాల్సిన చోట ఉన్నదే నగ. కావ్యానికి సరిపోయిన ఈ కొలత కారుకి సరిపోకేం?

ముందు మన కథానాయిక సంగతి. పాత చిన్న కారనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాల్ని ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా అందించారు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ఆ ముప్ఫై ఏళ్ళలో పాతిక లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. 796 సీసీల ఇంజను, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు. అంతే ఆస్తి. సొంతకారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత బండి బాగుందని తేలితే అయిదేసేళ్ళు పొడిగిస్తారు. ఆఖరున తయారైన బళ్ళకి కూడా 2029 ప్రాంతానికి ఆ 15 ఏళ్ళు నిండుతాయి. అంటే ఇప్పుడు రోడ్డుమీద ఉన్నవన్నీ నడివయసు దాటినవే.

ఇంతకీ ఇందులో మనకేం పట్టిందంటారా? అక్కడికే వస్తున్నాను. ఇంట్లోకి కొత్త పెద్దకారు రాగానే పాత చిన్నకారు ఎవరికి దక్కుతుంది? ఇల్లాలికి! "కొత్తదానిమీద గీత పడితే బాధ. నువ్వు దీన్ని తిప్పుకో" అంటారు. పిల్లల స్కూలు, కూరల బజారు, అత్తగారి మోకాళ్ళ డాక్టరు, అన్నీ అందులోనే. తిరిగేది మనం. కూర్చునేది అత్తగారూ, పిల్లలూ. దానికి ఏ నగ పెట్టాలో నిర్ణయించేది మాత్రం ఆయనా, కొట్టువాడూ. అదుగో, అక్కడ మొదలవుతుంది అనౌచిత్యం.

సీటు కవర్లతో మొదలుపెడదాం. కొట్టువాడు ముందు చూపించేది నిగనిగలాడే రెక్సిను. తుడిస్తే పోతుందంటాడు, నిజమే. కానీ మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఎండలో నిలబెట్టిన కారులో ఆ రెక్సిను మీద కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది పెనం మీద అట్టు పడే బాధ. చెమట పీల్చదు, గాలి ఆడదు. అదే డబ్బుకి మందపాటి నూలుగుడ్డ కవర్లు వస్తాయి. విప్పి ఉతుక్కోవచ్చు. అసలు సంగతి కవరులో లేదు, కింద ఉన్న స్పాంజిలో ఉంది. పదిహేనేళ్ళు కూర్చుని కూర్చుని అది అణిగిపోయి గుంట పడుతుంది. గుంటపడిన సీటుకి ఖరీదైన కవరు వెయ్యడమంటే కుంగిపోయిన మంచానికి పట్టు దుప్పటి పరచడమే. స్పాంజి మార్పించి మామూలు గుడ్డ వేయించండి, నడుము దీవిస్తుంది.

ఇంకో సంగతి. వెనకసీటుకి కవరు బిగించేటప్పుడు బెల్టు తగిలించే బుడిపెల్ని చాలామంది సీటుకిందకి తోసేస్తారు, కవరు నున్నగా కనిపించాలని. ఆ తర్వాత బెల్టు పెట్టుకుందామంటే తగిలించే చోటు దొరకదు. అందం కోసం పసిపిల్లల ప్రాణాన్ని రక్షించేదాన్ని కవరుకింద పాతిపెట్టడం ఏం అలంకారం? మీ కారుకి వెనక బెల్టులుంటే ఇవాళే చెయ్యిపెట్టి వెతకండి. కవరుకి చిన్న చీలిక పెట్టించి వాటిని పైకి తీయించడానికి దర్జీకి పదినిమిషాలు చాలు.

డ్రైవరు సీటు ఎత్తు ఈ కార్లలో మారదు. మనలో పొట్టివాళ్ళకి బానెట్టు చివర కనిపించక మెడ చాపుకుని నడపాల్సి వస్తుంది. గట్టిగా ఉండి, జారకుండా అమరే దిండొకటి వేసుకుంటే రోడ్డు కనిపిస్తుంది, భయం సగం తగ్గుతుంది. మెత్తటి బూరుగుదూది దిండు మాత్రం వద్దు. బ్రేకు తొక్కినప్పుడు మనిషి దానిమీదనుంచి జారిపోతుంది.

ఇక తళుకు. డాష్‌బోర్డుకి నూనె పూసినట్టు మెరిసే పాలిష్ ఒకటి అమ్ముతారు. పూసిన రోజు పెళ్ళికూతురిలా ఉంటుంది. ఎండలోకి వెళ్ళగానే ఆ మెరుపంతా ముందద్దంలో ప్రతిఫలించి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. తడిగుడ్డతో తుడిస్తే చాలే దానికి. అద్దం దగ్గర వేలాడే బొమ్మలూ, పూసలూ, నిమ్మకాయ మిరపకాయల దండలూ కూడా అంతే. దిష్టి సంగతేమో గానీ, ఎడమవైపునుంచి వచ్చే సైకిలు ఆ దండ చాటున సరిగ్గా దాక్కుంటుంది. వినాయకుణ్ణి తీసెయ్యమని నేననను. చిన్నవాడిగా, గట్టిగా అతికించి, చూపుకి అడ్డంరాని మూల కూర్చోబెట్టండి. విఘ్నాలు తొలగించేవాణ్ణే విఘ్నంగా నిలబెట్టకూడదు కదా!

ఒంటికి రంగు విషయం. ఏడాదికి నాలుగుసార్లు రబ్బింగ్ కాంపౌండు వేయించి మురిసిపోయేవాళ్ళున్నారు. ఆ మెరుపు ఎలా వచ్చిందనుకున్నారు? పైనున్న రంగు పొరని సన్నగా అరగదీస్తే వచ్చింది. మొహం తెల్లబడుతుందని చర్మం గీకేసుకోవడంలాంటిది. ఒకసారి చేయించి, ఆపైన మైనం పాలిష్‌తో కాపాడుకోవడం తెలివి.

అద్దాలకి నల్ల ఫిల్ము గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. చల్లగా ఉంటుందనీ, ఆడవాళ్ళకి చాటుగా ఉంటుందనీ అంటారు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కార్ల అద్దాలకి నల్లఫిల్ములు అతికించడం కుదరదని తీర్పు చెప్పింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది నిబంధన. నల్లద్దాల చాటున నేరాలు జరుగుతున్నాయన్నది ఆ కేసులో వాదన. ఆలోచించండి. లోపలున్న ఆడమనిషి మర్యాద కాపాడుతుందనుకున్న చాటు, ఆ లోపలే ఆపద వస్తే ఎవరికీ కనిపించకుండా చేసే చాటు కూడానూ. చల్లదనం కావాలంటే నిలబెట్టినప్పుడు ముందద్దానికి మడతపెట్టే అట్టతెర చాలు. ఖర్చు కొద్ది వందలు. బయల్దేరేముందు తీసి వెనక పడేసుకోవచ్చు.

దీపాల దగ్గరికి రండి. ప్లాస్టిక్ మూత ఉన్న హెడ్‌లైట్లు ఎండకి కొన్నాళ్ళకి పచ్చబడి శుక్లాలొచ్చిన కళ్ళలా తయారవుతాయి. అప్పుడు కొట్టువాడు ఎక్కువ వాట్ల బల్బు వేస్తానంటాడు. ఈ తరహా కార్లలో మామూలుగా ఉండేవి 55, 60 వాట్ల బల్బులు. వందవాట్లది పెడితే ఆ పాత తీగలు అంత కరెంటు మొయ్యలేక వేడెక్కుతాయి, బల్బు పెట్టే గూడు కరుగుతుంది, ఎదురుగా వచ్చేవాడికి కళ్ళు కనిపించవు. శుక్లాలు తియ్యకుండా ఇంట్లో లైటు పెంచినట్టు ఉంటుంది వైద్యం! సన్నటి వాటర్‌పేపరుతో నీళ్ళు పోస్తూ మూతని రుద్ది, పాలిష్ పెట్టిస్తే ఉన్న బల్బే వెలుగుతుంది. టూత్‌పేస్టుతో రుద్దినా కాస్త తేటపడుతుంది గానీ నాలుగు రోజుల ముచ్చటే. ఎండని ఆపే పైపూత పోయింది కాబట్టి మళ్ళీ పచ్చబడుతుంది.

సంగీతం గురించి రాయకపోతే సమీక్ష పూర్తికాదు. పాతకారు దడదడలాడుతుంది. ఆ చప్పుడు వినపడకుండా పెద్ద స్పీకర్లు బిగిస్తారు. చప్పుడెందుకొస్తోందో కనుక్కునేవాడు అరుదు. మూడు సిలిండర్ల ఇంజనుకి ఎలాగూ కాస్త వణుకెక్కువ. దాన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు అరిగితే ఆ వణుకంతా స్టీరింగుకీ, సీటుకీ పాకుతుంది. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండిపోతే గాలిచప్పుడూ, దుమ్మూ, వానచినుకులూ లోపలికొస్తాయి. ఈ రెండూ మార్పిస్తే స్పీకర్ల ఖర్చులో కొంత భాగంతోనే కారు నోరు మూసుకుంటుంది. అప్పుడు పాత రేడియోలో పాట కూడా తీయగా వినిపిస్తుంది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించే అలంకారం టైరు పాలిష్. పగుళ్ళిచ్చిన టైరు కూడా దానితో నల్లత్రాచులా నిగనిగలాడుతుంది. టైరు పక్కగోడమీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. టైరుకి వయసు దాచుకునే అవకాశం లేదు, మెరుగుపూత మనకళ్ళు కప్పితే తప్ప. చక్రాలకి వెండిమూతలు కొనే డబ్బు దాచి టైర్లకి వెయ్యండి. ముందు బంపరుకి ఇనుప కమ్మీలు తగిలించే ముచ్చట కూడా మానుకోండి. కేంద్రప్రభుత్వం 2017 డిసెంబరులోనే వాటిని అనుమతించొద్దని రాష్ట్రాలకి రాసింది. మన బంపరుకి సొట్ట పడకుండా ఆ కమ్మీలు చేసే పనల్లా ఆ దెబ్బని ఎదుటివాడి కాళ్ళకి బదిలీ చెయ్యడం!

మెచ్చుకోదగ్గవి లేవా అంటే, ఉన్నాయి. ఈ పాత కార్లలో చాలావాటికి ఎడమవైపు బయటద్దం ఉండదు. అదొకటి పెట్టించుకున్న రోజున ఆ కారుకి రెండో కన్ను వచ్చినట్టే. వానాకాలం ముందు వైపరు రబ్బర్లు మార్పించండి. వెనక్కి తీసేటప్పుడు అడ్డమొస్తే కూతపెట్టే సెన్సర్లు, కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి, మెడ తిప్పలేని పెద్దవాళ్ళకి నిజమైన సుఖం. డ్రైవరు కాళ్ళకింద చాప జారని రకం వేసుకోండి. జారిన చాప బ్రేకుకిందకి పోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. వీటిలో ఒక్కటీ వీధిలోవాళ్ళు చూసి మెచ్చుకునేది కాదు. అదే వీటి గొప్ప.

నా తీర్పు ఇదీ. కారుకి నగలు పెట్టే వరస ఒకటుంది. మొదట చూపు, అంటే అద్దాలూ, దీపాలూ, వైపర్లూ. తర్వాత పట్టు, అంటే టైర్లూ, బ్రేకులూ, బెల్టులూ. తర్వాత కూర్చునే చోటు. తర్వాత చప్పుడు. ఇవన్నీ అయ్యాక చేతిలో ఇంకా నాలుగు డబ్బులు మిగిలితే అప్పుడు తళుకు. కొట్లో ఈ వరస సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఎందుకంటే తళుకు వీధిలోవాళ్ళ కోసం, సుఖం లోపల కూర్చున్నవాళ్ళ కోసం. బేరం చెయ్యడానికి లోపల కూర్చునేవాళ్ళు ఎన్నడూ వెళ్ళరు.

అంచేత ఈసారి ఆయన కారు సామాన్ల కొట్టుకి బయల్దేరితే మీరూ ఎక్కి కూర్చోండి. మోకాళ్ళు నొప్పయినా అత్తగారిని కూడా ఎక్కించండి. ఏ స్పాంజి ఎంత మెత్తగా ఉందో కూర్చుని చెప్పాల్సింది ఆవిడే. కొట్టువాడు సింహం బొమ్మ తీసినప్పుడు ఎడమద్దం ధర అడగండి. "చూశారా, కారు సామాన్లలో కూడా ఆడవాళ్ళ పెత్తనమేనా!" అని ఆయన అంటారు. అననివ్వండి. చీరలకొట్లో నేర్చుకున్న బేరం అక్కడ కూడా బ్రహ్మాండంగా పనికొస్తుంది.