వేషం మనది, మాట ఎవరిది?

1958 నాటి ‘చెంచులక్ష్మి’ సినిమాను బడి పిల్లలతో కలిసి చూశాం. అంజలీదేవి నటన బాగుంది, కానీ మా చెంచు పెంట అందులో కనబడలేదు. ‘శివ’ (1989)లో తనికెళ్ల భరణి నానాజీగా నటించారు, ఆ సినిమాకు మాటలూ ఆయనే రాశారు. నాటకాలు రాసిన చేయి అది. మన గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాట రాస్తారు, వేదికెక్కి ఆడిపాడతారు. ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన పిల్లలేమో వార్షికోత్సవంలో తలకు ఈకలు కట్టుకుని ఎగరడం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఈకలు మా తాతలు కట్టినవి కావు, సినిమాలు చూసి టీచర్లమైన మేమే కట్టించాం. ఈసారి నాటిక మాటలు పిల్లలే రాస్తున్నారు. తేనె తీసే సీను కుదరకపోతే, పెంటకు పోయి తాతను అడిగి రమ్మన్నాం.