పొయ్యి దగ్గర నేర్చిన తృప్తి

ఎసట్లో పోయడానికి బియ్యం కొలుస్తారు. కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, పక్కనున్న వేరే డబ్బాలో వేస్తారు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కణ్ణుంచి దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు దాకా పాత క్రైస్తవ కుటుంబాల్లో ఆడవాళ్లు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని ఇది. వండిన ప్రతి పూటా ఒక పిడికెడు. ఆదివారం ఆ బియ్యం గుడ్డసంచిలో మందిరానికి వెళ్తుంది. పాస్టరుగారి ఇంటికి కొంత, సంఘంలో దిక్కులేని ముసలివాళ్లకు కొంత. మిగిలితే అమ్మి సంఘం ఖర్చుకు వాడతారు.

చూడటానికి చిన్న పనే. కానీ దాని పద్ధతి గమనించండి. పిడికెడు తీసేది బస్తాలోంచి కాదు, ఆ పూటకని కొలిచిన బియ్యంలోంచి. అంటే ఇంటిల్లిపాదీ ఆ మేరకు తగ్గించుకుని తినాల్సిందే. పైగా తీసేది వండకముందు. అందరూ తిన్నాక మిగిలింది ఇవ్వడానికి మనసు పెద్దగా కష్టపడనక్కర్లేదు. తినకముందు తీసి పెట్టాలంటే మాత్రం, సరిపోతుందో లేదో అన్న భయాన్ని దాటాలి. ఆ భయం రోజుకు రెండు పూటలా వస్తుంది, రెండు పూటలా చెయ్యి దాన్ని దాటుతుంది. ఏళ్ల తరబడి ఇలా దాటిన ఇల్లాలికి లేమి అంటే ఉన్న బెరుకు చాలావరకు పోతుంది. నేను ఈ ప్రాంతంలో చూసిన తృప్తికి మూలం ఇక్కడే ఉందని నమ్ముతున్నాను. ఇచ్చే అలవాటు ముందు వచ్చింది, మనశ్శాంతి దాని వెనకే వచ్చింది.

సారెపతు విధవరాలి కథ ఈ ఆడవాళ్లకు కొట్టినపిండి. కరువు కాలంలో తొట్టిలో మిగిలింది పట్టెడు పిండి. అది కొడుక్కీ తనకూ ఆఖరి రొట్టె అనుకుంటున్న సమయంలో ఏలీయా ప్రవక్త వచ్చి ముందు తనకు పెట్టమంటాడు. ఆమె పెట్టింది, కరువు తీరేదాకా తొట్టిలో పిండి తరగలేదు. పొయ్యి ముందు కూర్చుని ఈ కథ చెప్పుకునే స్త్రీకి అది ఎక్కడో దూరదేశపు సంగతి కాదు. జూన్, జూలై నెలల్లో గాదె అడుగు కనిపించే రోజులు ఆమెకూ తెలుసు.

ఈ గోదావరి ఒడ్డుకు క్రైస్తవం వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. 1860లో భద్రాచలం ప్రాంతం నిజాం చేతుల్లోంచి ఇంగ్లీషువాళ్ల పాలనలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఎగువ గోదావరిలో పడవలు నడిపే పథకం మీద దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు చూస్తున్న ఇంజనీరు కెప్టెన్ హేగ్. కోయల మధ్య సువార్త పని మొదలవడానికి ఆయనే కారకుడు. తొలినాళ్లలో ఆ పనిని భుజాన వేసుకున్నవాడు మాత్రం తెలుగువాడు, వెంకటరామరాజు. పడవల పథకం 1871లో ఆగిపోయింది. దానితోపాటే పుట్టిన సంఘం నిలిచింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉండి కోయ భాష నేర్చుకున్నాడు, సువార్త భాగాలను ఆ భాషలోకి తెచ్చాడు, కోయల ఆచారాల గురించి విస్తారంగా రాశాడు.

అయితే ఇవ్వడాన్ని, కృతజ్ఞత చెప్పడాన్ని పల్లె సంఘపు దినచర్యగా నాటిన ఘనత ఎక్కువగా డోర్నకల్‌దే. భద్రాచలం రోడ్ వెళ్లే రైలు మార్గం చీలేది ఆ జంక్షన్ దగ్గరే. 1912 డిసెంబరు 29న వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. తమిళదేశంలో పుట్టి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుని, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఈ పల్లెల మధ్యే తిరిగారు. ఆయన సంఘస్థుల్లో అత్యధికులు భూమి లేని కూలీలు. పేదవాళ్ల దగ్గర కానుక అడగడం తప్పని చాలామంది అనుకునేవారు. ఆయన అలా అనుకోలేదు. ఇవ్వగలిగినవాడికే తలెత్తుకునే ధైర్యం వస్తుందని నమ్మారు, క్రైస్తవ దాతృత్వం మీద ఏకంగా పుస్తకమే రాశారు. పరాయి దేశపు డబ్బు మీద బతికే సంఘానికి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పదిగా తోచేది, పేదలకు ఇవ్వడం నేర్పిన ఈ పనే.

కోత పండుగ కూడా ఈ చింతనలో భాగమే. కోయలకు కొత్తల పండుగ ఉంది. చేతికొచ్చిన కొత్త పంటను వేల్పులకు సమర్పించకుండా నోట పెట్టుకోరు. ఆ మర్యాద తెలిసిన మనిషికి సంఘంలోని కోత పండుగ కొత్తగా అనిపించదు. ఆ ఆదివారం మందిరం సంతలా నిండిపోతుంది. వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, ఎండుమిర్చి, పత్తి, కందులు, కోడిపుంజులు, గుడ్లు, తేనె సీసాలు. ఆరాధన అయ్యాక వేలంపాట. బజారులో ముప్ఫై రూపాయలు చేయని సొరకాయను ఒకరు మూడొందలకు పాడతారు, మళ్లీ దాన్ని సంఘానికే ఇచ్చేస్తారు, మరొకరు మళ్లీ పాడతారు. పిల్లలు కేకలు పెడుతుంటారు. ఆ పూట సంపదంటే పట్టుకు కూర్చునేది కాదనీ, చేతులు మారుతూ అందర్నీ నవ్వించేదనీ పిల్లలకు ఎవరూ వేరే బోధించనక్కర్లేదు.

ఇక ఇంటి ప్రార్థన. రాత్రి భోజనాలకు ముందో తర్వాతో చాప పరుస్తారు. ఒక పాట, ఒక అధ్యాయం, పిల్లల చేత కంఠత వాక్యం, ఆ తర్వాత ప్రార్థన. ప్రార్థనకు ఒక వరస ఉంటుంది. స్తుతి ముందు, ఒప్పుకోలు తర్వాత, అడగడం చివర. కష్టంలో ఉన్న మనిషి నోరు తెరవగానే అడగాలనే చూస్తాడు కాబట్టి ఈ వరసను పెద్దవాళ్లు గట్టిగా పట్టిస్తారు. స్తుతి కూడా పైపైన చెబితే ఒప్పుకోరు. కల్లంలో మిర్చి ఆరబోసి ఉండగా వాన రానందుకు, తునికాకు కోతకెళ్లిన చోట పాము కంటబడినా కరవనందుకు, అల్లుడు తాగకుండా ఇంటికొచ్చినందుకు అంటూ ఒక్కొక్కటే చెప్పాలి. అలా రోజూ చెప్పాలంటే పగలంతా కళ్లు తెరుచుకుని ఉండాలి. సాయంత్రం లెక్క చెప్పాల్సినవాడు పగలు జరిగిన మేలును చూడకుండా వదలడు.

ఒప్పుకోలులో ఆ రోజు ఎవరితో మాట తూలారో వారి పేరు వస్తుంది. అత్తాకోడళ్లు ఒకే చాప మీద కూర్చున్నప్పుడు ఇది తేలిక కాదు. ఆ పేరు పలికాక మాత్రం పగ పట్టుకుని నిద్రపోవడం కష్టమవుతుంది. ప్రభువు ప్రార్థన ఆఖర్న అందరూ కలిసి చెబుతారు. అందులో అన్నం అడిగేది ఆ ఒక్క రోజుకే. అరణ్యంలో కురిసిన మన్నాను మర్నాటికని దాచినవాళ్లకు అది పురుగు పట్టిందని నిర్గమకాండం చెబుతుంది. రోజుకూలీకి అర్థమయ్యే లెక్క ఇది.

మాటలు అయిపోయాక మౌనం. దీన్ని బాగా నొక్కి చెప్పినవారు బైబిలు మిషను స్థాపించిన దేవదాసు అయ్యగారు. 1938లో రాజమండ్రిలో మొదలైన ఆ మిషను కూటాలు తెలుగునాట ఎన్నో పల్లెలకు చేరాయి. దేవుని సన్నిధిలో ఏమీ అడగకుండా కనిపెట్టుకుని కూర్చోవడం అక్కడి సాధన. మొదట్లో మనసు ఊరంతా తిరుగుతుంది, అప్పులవాళ్ల ముఖాలు కనబడతాయి. దాన్ని తిట్టుకోకుండా, లేచి వెళ్లిపోకుండా కూర్చోవడమే మొదటి మెట్టు. పొద్దస్తమానం రొద చేసే ఫోను చేతిలో ఉన్న ఈ కాలానికి, ఈ ఒక్క సాధన చాలా అవసరం.

ఇదంతా గట్టిగా నిలబడుతుందా అన్న పరీక్ష గోదావరి పెడుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 53కు మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. అలాంటి వరద తీశాక ఇంట్లో మోకాలెత్తు బురద, తడిసిన వడ్లు, పాడైన బట్టలు. ఈ ప్రాంతపు సాక్ష్యాల్లో విశ్వాసులు ఏడుస్తారు, దేవుణ్ణి నిలదీస్తారు కూడా. కీర్తనల గ్రంథమే అందుకు వాళ్లకు భాష ఇచ్చింది. ఏడుపు అయ్యాక ప్రాణాలు మిగిలినందుకు స్తుతి చెబుతారు. ఏడవనివ్వని శాంతిని నేను నమ్మను. పౌలు ఫిలిప్పీ సంఘానికి జాబు రాస్తూ, కలిమిలోనూ లేమిలోనూ తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానన్నాడు. ఆ మాట రాసింది చెరసాలలో కూర్చుని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ మధ్య కొన్ని కూడికల్లో, కానుక వేస్తే పదింతలు తిరిగొస్తుందనీ, కారూ మేడా వస్తాయనీ బోధిస్తున్నారు. మన అమ్మమ్మలు నేర్పిన దానికి ఇది సరిగ్గా ఎదురు. వాళ్లు ఇచ్చింది తిరిగి రావాలని కాదు. అలాగే తృప్తి పేరు చెప్పి అన్యాయాన్ని భరించమనేవారి మాటా వినొద్దు. పోడు పట్టా కోసం, తునికాకు కట్టకు న్యాయమైన ధర కోసం నిలబడటం విశ్వాసానికి విరుద్ధం కాదు. తృప్తి తెలిసినవాణ్ణి కొనడం కష్టం కాబట్టి అతను ఇంకా గట్టిగా నిలబడతాడు. అజరయ్య పేదల్ని ఓర్చుకోమని చెప్పి ఊరుకోలేదు. తాగుడు మానమన్నారు, పిల్లల్ని బడికి పంపమన్నారు.

ఇప్పుడీ పల్లెల పిల్లలు హైదరాబాదు, విజయవాడ హాస్టళ్లలో ఉన్నారు. కానుక ఫోను ద్వారా పంపుతున్నారు, మంచిదే. కానీ చాప మీది ప్రార్థన ఫోనులో డబ్బు పంపినంత తేలిగ్గా సాగదు, దానికి మనుషులు కావాలి. దూరంగా ఉన్నవారికి నా విన్నపం ఒక్కటే: రాత్రి ఇంట్లో ప్రార్థన జరిగే వేళకు ఫోను చేయండి, స్పీకరు పెట్టమనండి, ఆ రోజు జరిగిన మేళ్లలో కనీసం మూడింటిని పేరుపేరునా చెప్పి, మీ అమ్మా నాన్నల ప్రార్థనకు ఆమేన్ అనండి.