దోషవాక్యానికి ప్రతిపదార్థం: లినక్సు బోధనపై ఒక విమర్శ

హైదరాబాదులో అమీర్‌పేట, మైత్రీవనం పరిసరాలు కంప్యూటరు శిక్షణకు పేరుపొందినవి. శ్రీనగర్ కాలనీ మొదలుకొని సంజీవరెడ్డి నగర్ వరకు గల హాస్టళ్ళలో బస చేస్తూ ఈ తరగతులకు వెళ్ళే యువతీ యువకులు ఎందరో ఉన్నారు. డిగ్రీ ఇచ్చిన చదువుకూ, ఉద్యోగం కోరే పనితనానికీ నడుమనున్న అంతరాన్ని ఈ శిక్షణ కొద్ది వారాలలో, కొద్ది ఖర్చుతో పూడ్చుతున్నది. ఈ మేలును కాదనుట న్యాయం కాదు. అయితే లినక్సు విషయంలో ఈ శిక్షణలోను, జిరాక్సు దుకాణాలలో దొరికే నోట్సులోను తరచు కనిపించే ధోరణి ఒకటి విమర్శకు తగినది. అది జవాబులను కంఠస్థం చేయించును గాని, ప్రశ్నను చదువుట నేర్పదు. వర్చువల్ మెషీన్ల నిర్వహణలో లైబ్రరీల కూర్పులు పొసగనప్పుడు ఈ లోపం చక్కగా బయటపడుతుంది.

వర్చువల్ మెషీన్ అనగా ఒక కంప్యూటరులోపల సాఫ్ట్‌వేరు సాయంతో మరొక కంప్యూటరు ఉన్నట్లే పనిచేయించే ఏర్పాటు. బయటి దానిని ఆతిథేయి అనీ, లోపలి దానిని అతిథి అనీ పిలుద్దాం. లినక్సులో ఈ పనికి ముఖ్యంగా మూడు సాధనాలున్నవి. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో వెలువరించిన క్యూఈఎంయూ ఒకటి. 2007లో లినక్సు కెర్నెల్ 2.6.20తో చేరిన కెవిఎం రెండవది. మూడవది 2005లో రెడ్ హ్యాట్ సంస్థలో డానియల్ వేయార్ ప్రారంభించిన లిబ్‌వర్ట్. అతిథులను పుట్టించుట, నడుపుట, ఆపుట లిబ్‌వర్ట్ ద్వారా జరుగుతవి. విద్యార్థి టైపు చేసే 'వర్ష్' అనే ఆజ్ఞ దీనిదే.

ఇక లైబ్రరీ సంగతి. పది ప్రోగ్రాములకు కావలసిన పనిని ఒకే దస్త్రంలో ఉంచి, అన్నీ దానినే వాడుకొనేటట్లు చేస్తే చోటు కలిసివస్తుంది. బడి గ్రంథాలయంలో ఒకే వాచకాన్ని పదిమంది చదువుకొనుట వంటిదే ఇది. ఆ వాచకానికి కొత్త ముద్రణ వచ్చినదనుకొనండి. అట్టమీద పేరు మారలేదు. లోపల పాత పాఠాలన్నీ ఉన్నవి. చివర రెండు కొత్త పాఠాలు చేరినవి. పాత ముద్రణ చదివినవానికి కొత్తదానితో ఇబ్బంది లేదు. కొత్త పాఠం కావలసినవాని చేతికి పాతది ఇస్తే మాత్రం పని జరుగదు. లిబ్‌వర్ట్ దస్త్రం పేరు చాలా ఏళ్ళుగా 'లిబ్‌వర్ట్.ఎస్ఓ.0' గానే ఉన్నది. లోపలి కూర్పు మాత్రం మారుతూనే ఉన్నది. పేరును చూచి కూర్పును ఊహించరాదు.

ఇందులో మరొక సూక్ష్మం కలదు. వాచకంలో అందరికీ ఉద్దేశించిన పాఠాలతోబాటు, ఉపాధ్యాయుడు తన తరగతికొరకు పుటల నడుమ దాచుకొన్న చీటీలు కూడ ఉన్నవనుకొందాం. లిబ్‌వర్ట్ తన బహిరంగ పాఠాలను పాతవారికొరకు నిలిపి ఉంచుతుంది. చీటీలకు అట్టి హామీ లేదు; వాటిపై 'ప్రైవేట్' అన్న మాటతోబాటు ఆ కూర్పు అంకెను అచ్చువేస్తుంది. వర్ష్ ఆజ్ఞ, లిబ్‌వర్ట్ సేవకప్రోగ్రాము ఈ చీటీలను కూడ వాడుతవి. అందుచేత తమ కూర్పు లైబ్రరీ తప్ప మరొకటి వాటికి పనికిరాదు.

ఇప్పుడొక ఉదాహరణ చూద్దాం. 2020లో వెలువడిన ఉబుంటు 20.04లో లిబ్‌వర్ట్ 6.0.0 ఉన్నది. దానిని ఉంచుకొన్న విద్యార్థి ఒకడు, 2022లో విడుదలైన 8.0.0 కూర్పు మూలాన్ని తెచ్చి, స్వయంగా కంపైలు చేసి, 'యుఎస్ఆర్ లోకల్' అనే అరలో స్థాపించినాడు. వెంటనే వర్ష్ అని టైపు చేయగా తెరమీద ఒక దోషవాక్యం వచ్చినది. తెలుగులో దాని భావమిది: "వర్ష్: వ్యవస్థ అరలోని లిబ్‌వర్ట్.ఎస్ఓ.0లో లిబ్‌వర్ట్ ప్రైవేట్ 8.0.0 కనబడలేదు, కోరినది వర్ష్."

మన తెలుగు తరగతులలో పద్యానికి ప్రతిపదార్థం చెప్పించకుండా తాత్పర్యం చెప్పించరు. ఈ వాక్యానికీ అదే పద్ధతి వర్తిస్తుంది. అడిగినదెవరు? వర్ష్. ఎక్కడ వెదకినది? వ్యవస్థ అరలోని పాత లైబ్రరీలో. లేనిదేమి? 8.0.0 నాటి చీటీ. అనగా ఆజ్ఞ కొత్తది, దానికి దొరికిన లైబ్రరీ పాతది. ఒక్క వాక్యంలో మూడు సాక్ష్యాలున్నవి. ఇంత స్పష్టంగా చెప్పిన వాక్యాన్ని చదువనీయకుండా, "ఈ ఎర్రర్ వస్తే ఈ ఆజ్ఞ కొట్టు" అనుటయే నేను ఆక్షేపించే బోధన.

అట్లు ఇచ్చే మందులలో మొదటిది 'ఎల్‌డికాన్ఫిగ్'. లైబ్రరీలు ఎక్కడెక్కడ ఉన్నవో చూపే పట్టికను ఇది తిరిగి వ్రాస్తుంది. ఉబుంటులో ఆ పట్టిక 'లోకల్' అరకు ముందు స్థానమిస్తుంది. కొత్త వర్ష్‌కు కొత్త లైబ్రరీ దొరుకుతుంది, దోషవాక్యం మాయమౌతుంది, విద్యార్థి సంతోషిస్తాడు. కాని యంత్రం మొదలైనప్పుడు లేచే సేవకప్రోగ్రాము ఇంకను 6.0.0 నాటిదే. మరునాడు అది లేవబోయి, తనకు దొరికిన కొత్త లైబ్రరీలో 6.0.0 చీటీ లేదని ఆగిపోతుంది. తప్పు తొలగలేదు, ఒక కాలి ముల్లు రెండవ కాలికి మారినది. పైగా కారణం నిన్నటిది, కార్యం నేటిది. రెంటికీ సంబంధమున్నదని విద్యార్థికి తోచదు.

రెండవ మందు దస్త్రానికి మారుపేరు లింకు పెట్టుట. ఇది పాత ముద్రణకు కొత్త అట్ట వేయుట వంటిది. లేని పాఠం అట్ట మార్చినందువల్ల రాదు. కూర్పు అంకెలు అచ్చువేయని లైబ్రరీలతో ఇంకా ప్రమాదం: ప్రోగ్రాము నడచినట్లే నడచి, తప్పు ఫలితాలు ఇవ్వవచ్చును.

మూడవది 'ఎల్‌డి లైబ్రరీ పాత్' అనే మార్గసూచిని శాశ్వతంగా వ్రాసిపెట్టుట. ఇది ఆ విద్యార్థి తెరిచిన షెల్‌కే చెల్లుతుంది; వ్యవస్థ తానే ప్రారంభించే సేవలు దానిని చూడవు; 'సుడో' దానిని తొలగిస్తుంది. కనుక చేతితో నడిపితే పనిచేయుట, సేవగా నడిపితే చేయకపోవుట అనే కొత్త చిక్కు పుడుతుంది.

నాల్గవది అన్నిటికంటె దారుణం: మరొక యంత్రం నుండి సి లైబ్రరీని తెచ్చి పాతదానిపై కప్పివేయుట. 2024 జూన్ 30తో మద్దతు ముగిసిన సెంటాస్ 7లో సి లైబ్రరీ 2.17 కూర్పు. 2021లో వచ్చిన 2.34గాని, తర్వాతి కూర్పుగాని ఉన్న యంత్రంపై కంపైలైన ప్రోగ్రాము సాధారణంగా 2.34ను కోరుతుంది, కనుక సెంటాస్ 7 దానిని నిరాకరించుట సహజం. అంతమాత్రాన సి లైబ్రరీని మార్చివేస్తే, దస్త్రాల జాబితా చూపే చిన్న ఆజ్ఞ సైతం నిలిచిపోవచ్చును. కొమ్మకు పట్టిన తెగులు పోవుటకు తల్లివేరు నరికినట్లే.

మరి సరియైన మార్గమేది? 'టైప్' ఆజ్ఞకు 'ఎ' గుర్తు చేర్చి అడిగితే వర్ష్ ఎన్ని చోట్ల ఉన్నదో తెలుస్తుంది. 'ఎల్‌డిడి' అడిగితే ఏ లైబ్రరీని ఏ అరనుండి తీసుకొంటున్నదో చెబుతుంది. 'డిపికెజి'కి 'ఎస్' గుర్తు చేర్చి అడిగితే ఆ దస్త్రం ఏ ప్యాకేజీదో తెలుస్తుంది. స్వయంగా కంపైలు చేసినదానికి యజమాని ఉండదు. ఈ మూడు జవాబులతో రెండు కూర్పులు ఎక్కడ కలిసిపోయినవో బోధపడుతుంది. తరువాత రెండింటిలో ఒకదానినే ఉంచవలెను. ఉబుంటు ఇచ్చినదే చాలుననుకొంటే, కంపైలు చేసిన చోటనే 'నింజా అన్‌ఇన్‌స్టాల్' చేసి, పట్టికను తిరిగి వ్రాయించవలెను. ఈ లోగా నడుస్తున్న అతిథుల గురించి కంగారుపడవద్దు. లిబ్‌వర్ట్ సేవకప్రోగ్రాము ఆగినా, క్యూఈఎంయూ ప్రక్రియలుగా ఉన్న అతిథులు నడుస్తూనే ఉంటవి. కంగారులో యంత్రాన్ని ఆపివేయుటవల్లనే నష్టం కలుగుతుంది.

కొత్త కూర్పును పరీక్షించవలెననే కోరిక మెచ్చదగినదే. దానికి తగిన స్థలం ఆతిథేయి కాదు, అతిథి. అతిథి లైబ్రరీలు అతిథివే. అవి ఆతిథేయి లైబ్రరీలతో కలువవు. ముందుగా స్నాప్‌షాట్ తీసి, లోపల ఏమి పాడుచేసినా వెనుకకు రావచ్చును. చేతిలో ఇట్టి ప్రయోగశాలను ఉంచుకొని, ఇంటి పునాదిపై ప్రయోగం చేయుట వింత కాదా?

"నలుబది అయిదు దినాల కోర్సులో ఇంత తీరిక ఎక్కడిది?" అని శిక్షకులు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. కాని పైన చెప్పిన మూడు ఆజ్ఞలకు పట్టేది అయిదు నిముషాలు. కంఠస్థం చేసిన మందు వికటించినప్పుడు పోయేది ఒక దినం. అంతకంటె పెద్ద నష్టం మరొకటున్నది. కూర్పుల అంకెలు ఏటేటా మారుతవి. నేటి నోట్సులోని ఆజ్ఞ రేపటికి పనికిరాకపోవచ్చును. వాక్యాన్ని చదివి, ఎవరు, ఎక్కడ, ఏమి అని అడిగే అలవాటు మాత్రం చెడదు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఈ అలవాటుకు లినక్సు వరకు వేచి ఉండనవసరం లేదు. బల్బు వెలుగనప్పుడు తీగలన్నీ పీకక, విద్యుత్తు ఎక్కడివరకు వచ్చినదని అడిగించుట కూడ ఈ పాఠమే. అక్కడ శిక్షణ పొందిన విద్యార్థి అమీర్‌పేటకు వచ్చిననాడు, నోట్సును వాడుకొంటాడు గాని, దానికి లొంగడు.